పెద్ద బావ బండి గుండ్రంగా ఎందుకు తిరిగింది

మా పెద్ద బావ కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. ముందు గదిలో నిలువుటద్దాలూ, తెల్లటి దీపాలూ, నవ్వుతూ నిలబడ్డ యజమానీ. వెనక గదిలో ఒక తెర, ఒక సానరాయి, ఒక ఎత్తు స్టూలు, దాని మీద మా బావ. కొందరి కళ్ళకు అద్దాన్ని ఊరికే బిగిస్తే సరిపోదట. డాక్టరు రాసిన కోణంలోనే అది కూర్చోవాలి. నాలుగు డిగ్రీలు అటో ఇటో జరిగిందంటే, ఆ మనిషికి గుమ్మాలు ఒరిగినట్టు కనిపిస్తాయి, సాయంత్రానికి తలనొప్పి పట్టుకుంటుంది. ఇరవై మూడేళ్ళలో మా బావ బిగించిన అద్దం తిరిగి రావడం నేనెరగను. జోడు పెట్టుకున్నవాళ్ళు ముందు గదిలో "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందండీ!" అంటారు. యజమాని "అంతా మీ అభిమానం" అంటాడు. తెర వెనక మా బావ సానరాయి ఆపి, ఆ మాటలు చివరిదాకా విని, మళ్ళీ రాయి తిప్పుతాడు.

అందుకే ఆదివారం క్లబ్బు ఆయనకు ప్రాణం.

గ్రంథాలయం మేడ మీద, నున్నటి నేల ఉన్న పెద్ద గది అది. పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ దానికి కార్యదర్శి. అందరం మేడమ్ అంటాం. దర్జీ, బేకరీ ఆయన, రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఇలాంటి పదిహేనుమంది ఆదివారం పూట చేరి బొమ్మబండ్లంత రోబోలు చేసుకుంటారు. బండిని ముందుకు పంపడం ఎవరైనా చేస్తారు. తిప్పడమే కష్టం. ఎంత తిరిగిందో బండికి ఎలా తెలుస్తుంది? దానికి మా బావ దగ్గర జవాబుంది. చక్రం పక్కన ఒక పల్చటి బిళ్ళ, ఆ బిళ్ళ అంచున సన్నటి గాట్లు, ఒక వైపు చిన్న దీపం, రెండో వైపు వెలుతురును పట్టే కన్ను. చక్రం తిరిగినకొద్దీ గాట్లలోంచి వెలుతురు తళుక్కుమంటుంది. ఎన్ని తళుకులో లెక్కపెడితే చక్రం ఎంత తిరిగిందో, అక్కణ్ణించి బండి ఎంత తిరిగిందో తెలుస్తుంది. ఆ గాట్లన్నీ మా బావ దుకాణంలో మధ్యాహ్నం అన్నం మానేసి తన చేత్తో కోసినవి.

ఏటా కొత్త సభ్యులకు దీని మీద ఒక గంట పాఠం ఉంటుంది. క్లబ్బులో దాన్ని మలుపు పాఠం అంటారు. ఆరేళ్ళుగా చెప్పింది మా బావే. ఆదివారం పాఠానికి గురువారమే చొక్కా ఇస్త్రీ చేయించేవాడు. నల్లబల్ల ముందు నిలబడితే ఆయన గొంతే మారిపోయేది. ఏడాదికి ఆ ఒక్క గంటే ఆయనకూ జనానికీ మధ్య తెర ఉండదు.

ఆ గంట మీద మా చిన్న బావ వచ్చి కూర్చున్నాడు. పాపం, కూర్చుంటున్నానని ఆయనకు తెలియదు.

చిన్న బావంటే మా చిన్నక్క భర్త, పెద్ద బావకు తోడల్లుడు. కారు నడపడం నేర్పే స్కూల్లో మాస్టారు. పక్క సీట్లో కూర్చుని, కొత్తవాళ్ళు గోడకేసి పోనిస్తున్నా చిరునవ్వు చెదరని మనిషి. నలభై ఆరేళ్ళొచ్చినా జుట్టు ఒత్తుగా ఉంటుంది. ఇంటికొస్తే మా అమ్మ ఫ్యాను కింది కుర్చీ ఆయనకే వేస్తుంది. ఆయన జోకు వేస్తే మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వుతుంది. అదే జోకు అంతకుముందు వారం పెద్ద బావ చెప్పినప్పుడు "అలాగా నాయనా" అని మాత్రం అంది. ఇవన్నీ పెద్ద బావ దిగమింగాడు. కుర్చీ పోయింది, పోనీ. జుట్టు దేవుడిచ్చింది. కానీ ఒక ఆదివారం చిన్న బావ చంకలో అట్టపెట్టెతో క్లబ్బు మెట్లెక్కి వచ్చాడు.

"అన్నయ్యా, మీరు చెబుతుంటే నాకూ సరదా పుట్టింది. ఏదో గిలికాను. నవ్వకండేం."

పెట్టెలోంచి బండి తీసి నేల మీద పెట్టి, స్విచ్చి వేసి, రెండు చేతులూ కట్టుకుని కళ్ళు మూసుకున్నట్టు నిలబడ్డాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. తర్వాత మీట నొక్కాడు. బండి మూరెడు ముందుకెళ్ళి తిరిగింది, మళ్ళీ వెళ్ళి తిరిగింది, అలా నాలుగు మూలలూ చుట్టి బయల్దేరిన సున్నపు గీత మీదికే వచ్చి ఆగింది. గీతకీ చక్రానికీ మధ్య వేలెడు సందు. నున్నటి నేల మీద చక్రం జారడం వల్ల పెద్ద బావ బండి ఏనాడూ జానెడు తేడాకు తగ్గింది లేదు.

"గాట్ల బిళ్ళేదీ?" అని అడిగాడు పెద్ద బావ, చక్రాల్లోకి తొంగి చూస్తూ.

"బిళ్ళ లేదన్నయ్యా. ఇదిగో, ఈ గోరంత ముక్క. గైరో అంటారట. చక్రంతో పనిలేకుండా, బండి తిరిగితే తనకే తెలుస్తుందట. మొదట అయిదు సెకన్లు ముట్టుకోకుండా వదిలేస్తే, కదలకుండా ఉండటమంటే ఏమిటో నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎటు ఎంత వేగంగా తిప్పినా కూడుకుంటూ పోతుంది. నాకేం తెలుసు, కాగితం మీద రాసింది చూసి బిగించానంతే."

ఆ ఆఖరి మాటే పెద్ద బావ గుండెలో ముల్లులా దిగింది. కష్టపడి చేశానని చెప్పుంటే ఆయన క్షమించేవాడే. తనవి అన్నం మానేసి కోసిన గాట్లు. అవతలివాడిది కాగితం చూసి బిగించిన ముక్క.

ఆ రోజు నుంచి మూడు నెలలు పెద్ద బావ ఆ అయిదు సెకన్లను ఆటపట్టించని ఆదివారం లేదు. చిన్న బావ చేతులు కట్టుకోగానే, "ష్, స్వామివారు ధ్యానంలో ఉన్నారు, చెప్పులు బయట వదలండి" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అందరికంటే గట్టిగా చిన్న బావ నవ్వేవాడు. అదీ మంటే. "లోపల ఏం జరుగుతుందో తెలియని వస్తువును నా బండిలో పెట్టను. దాని మొహం కూడా చూడను" అని నల్లబల్ల సాక్షిగా ప్రకటించాడు.

ఇంతలో మేడమ్ ఒక మాట అంది. "ఈసారి మలుపు పాఠం ఎవరు చెప్పాలని కొంతమంది అడుగుతున్నారు. పెద్దాయన చెప్పేది బాగుంటుంది, చిన్నాయన బండి బాగుంటుంది. బంధువులిద్దరి మధ్య నేను నలిగిపోలేను. క్లబ్బు చూడ్డానికి జనం వచ్చే రోజున రెండు బండ్లూ నాలుగు మూలలు తిరగాలి. గీతకు దగ్గరగా ఎవరి బండి ఆగితే పాఠం వాళ్ళది."

"నాకు పాఠాలెందుకండీ, అన్నయ్యే చెబుతారు" అన్నాడు చిన్న బావ.

"జాలిపడనక్కర్లేదు. తిరగనీ" అన్నాడు పెద్ద బావ.

తర్వాతి సంగతి మా పెద్దక్క చెబితే తెలిసింది. ఒక సాయంత్రం ఆమె కూర గరిటెతో వంటింట్లోంచి వస్తుంటే, హాల్లో నేల మీద బోర్లా పడుకున్న మా బావ ఒక్క అరుపు అరిచాడట.

"కదలకు!"

తేలో పామో అనుకుని అక్క ఒంటికాలి మీద నిలబడిపోయింది. గరిటెలోంచి పులుసు చుక్కలు చుక్కలుగా కారుతోంది. మా బావ నేల మీదున్న బండికేసి చూస్తూ పెదవులతో లెక్కపెడుతున్నాడు.

"ఏవండీ, ఎక్కడుందీ?"

"ఏమిటి?"

"పాము."

"పామూ లేదు, ఏమీ లేదు. నువ్వు నడిస్తే నేల అదురుతుంది. అయిదు సెకన్లు ఆగలేవూ?"

అక్కకు వెలిగింది. ఆ అయిదు సెకన్ల హాస్యం ఆమె మూడు నెలలుగా అన్నంతోపాటు వింటూనే ఉంది. "ఓహో. మొహం కూడా చూడనన్నది దీన్నేనా?"

మా బావ బండిని రెండు చేతులతో కప్పేశాడు. కుట్టుపెట్టెలో దారపు ఉండల కింద గైరో వచ్చిన ఖాళీ పొట్లం అక్కకు మర్నాడు దొరికింది. గైరోను బండి పొట్టలోకి దోపి, పైన అట్ట అతికించి, దాని దీపం కనబడకుండా నల్లటేపు వేశాడు. గాట్ల బిళ్ళలు మాత్రం తీయలేదు. చక్రాల పక్కన అవి తిరుగుతూనే ఉంటాయి, దీపమూ తళుక్కుమంటుంది, కానీ వాటి తీగలు లోపల ఎక్కడికీ పోవు. ఉత్త నగలన్నమాట. గైరో మీద ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చి ఆఖరికి దాన్నే దొంగచాటుగా తెచ్చుకున్నందుకు, ఆయనకు చిన్న బావ మీద ఇంకాస్త మండింది. అసూయకు అదొక సుగుణం. మన తప్పును కూడా అవతలివాడి ఖాతాలోనే వేస్తుంది.

"ఎవరికీ చెప్పకు" అన్నాడట అక్కతో. ఆమె ఎవరికీ చెప్పలేదు, నాకు తప్ప.

జనం వచ్చే రోజు వచ్చింది. గోడ వెంబడి కుర్చీలు, బేకరీ ఆయన తెచ్చిన బిస్కెట్లు, మా రెండు కుటుంబాలూ ముందు వరసలో. మా అమ్మ అల్లుళ్ళిద్దరి మధ్యా చూపు సమంగా పంచుదామని ప్రయత్నిస్తోంది గానీ మెడ చిన్న బావ వైపే తిరుగుతోంది. పెద్ద బావ అది చూశాడు. ఆయన చూడనిదేముంది?

ఇక్కడ క్లబ్బులో ఒక ఆచారం గురించి చెప్పాలి. బండి పరుగెత్తేముందు దాని చక్రాలను ఎదుటి పక్షంవాడు తడిగుడ్డతో తుడవాలి. రెండేళ్ళ క్రితం దర్జీ తన బండి జారకుండా చక్రాలకు పంక్చర్లు వేసే జిగురు రాసుకొచ్చాడు. అది నేలకు అతుక్కుని ఉన్నచోటే గింజుకుంది. అప్పుడు పెద్ద బావే లేచి ఈ నియమం పెట్టించాడు. "ఎదుటివాడి చేత తుడిపిద్దాం. అనుమానం ఉండదు" అన్నది ఆయన మాటే.

ఆయన ఎత్తు ఇది. మేడమ్ జనానికి స్వాగతం చెబుతుండగా బల్ల మీదున్న బండి స్విచ్చి గుట్టుగా వేయాలి. ఆవిడ ఉపన్యాసంలో అయిదు సెకన్లేం ఖర్మ, అయిదు నిమిషాలుంటాయి. బండి తన పాఠం తను నేర్చుకుంటుంది. తర్వాత తీసుకెళ్ళి గీత మీద పెట్టి మీట నొక్కడమే. ధ్యానమూ లేదు, చేతులు కట్టుకోవడమూ లేదు.

మేడమ్ లేచింది. పెద్ద బావ బల్ల మీదికి వంగి, దగ్గినట్టు నటించి, స్విచ్చి వేశాడు. ఆ రోజు మేడమ్‌కు గొంతు నొప్పిగా ఉంది. "అందరికీ నమస్కారం, మొదలుపెడదాం" అని కూర్చుంది.

"అన్నయ్యా, మీ చక్రాలు తుడవనా?" అంటూ చిన్న బావ బండిని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

పెద్ద బావ నోరు తెరిచాడు. ఏమని చెబుతాడు? ముట్టుకోవద్దంటే ఎందుకని అడుగుతారు. గాట్ల బండిని ఎవరు ముట్టుకుంటే ఏం? నోరు మూశాడు. చిన్న బావ ఏ పనైనా శుభ్రంగా చేసే మనిషి. ఒక చక్రం తుడిచి, బండిని మెల్లగా పక్కకు తిప్పుతూ రెండోది తుడిచి, ఇంకా తిప్పుతూ వెనకున్న గుండుచక్రం కూడా తుడిచాడు. బండి నేర్చుకోవాల్సిన ఆ అయిదు సెకన్లూ సరిగ్గా ఆయన చేతుల్లోనే గడిచాయి. ముందు వరసలో మా పెద్దక్క నా మోచేయి గిల్లింది. ఇప్పటికీ మచ్చ ఉంది.

ఆపి మళ్ళీ స్విచ్చి వేసుకోవచ్చు. కానీ అప్పుడు అందరి కళ్ళ ముందూ అయిదు సెకన్లు చేతులు కట్టుకు నిలబడాలి. పెద్ద బావ బండిని గీత మీద పెట్టి, చెమట తుడుచుకుని, మీట నొక్కాడు.

చిన్న బావ చేతుల్లో మెల్లగా తిరగడాన్నే ఆ బండి కదలకుండా ఉండటమనుకుంది. నేల మీద తిన్నగా నిలబెట్టేసరికి, ఎవరో తనను వెనక్కి మెలిపెడుతున్నారనుకుని సర్దుకోవడానికి తిరిగింది. తిరుగుతూ ముందుకెళ్ళింది. ఇంకా సర్దుకుంది. పడుకోబోయే ముందు కుక్క చుట్టూ తిరుగుతుందే, అలా గది మధ్యలో గుండ్రంగా, నిదానంగా, ఎంతో నమ్మకంగా తిరగసాగింది. గాట్ల బిళ్ళల్లో దీపాలు పండగలా తళుక్కుమంటున్నాయి. ఎవరో పిల్ల చప్పట్లు కొట్టింది. మా అమ్మ, "పెద్దల్లుడిది భలే నాట్యం చేస్తోందర్రా" అని మెచ్చుకుంది. ఇన్నేళ్ళలో ఆయనకు దొరికిన మొదటి మెప్పు అది.

నేను చిన్న బావ మొహం చూశాను. ఆయన తల కాస్త పక్కకు వంచి, కనుబొమలు ఎత్తి, మళ్ళీ దించాడు. మొదటి వారం ఆయన బండి కూడా ఇలాగే తిరిగిందని నాకు తర్వాత చెప్పాడు. చూసిన క్షణంలోనే అర్థమైపోయిందట.

"తప్పు నాది మేడమ్" అన్నాడు చిన్న బావ, వెంటనే లేచి. "గుడ్డ మరీ తడిగా ఉంది. చక్రాలు జారుతున్నాయి. నేల తుడుస్తాను, ఆరాక అన్నయ్యను మళ్ళీ తిప్పనీయండి."

"అయితే ముందు మీది కానివ్వండి, ఈలోగా ఆరుతుంది" అంది మేడమ్.

బండి చంకన పెట్టుకుని గోడవారకు నడిచిన పెద్ద బావ నా పక్కన కూలబడ్డాడు. "చూశావట్రా బామ్మర్దీ? వాడికి తెలిసిపోయింది. తెలిసి కూడా నన్ను కాశాడు. ఇప్పుడు మంచితనం కూడా వాడి సొంతమే!" అన్నాడు పళ్ళు బిగబట్టి. ఓడిపోయినందుకు కాదు, క్షమించబడ్డందుకు ఆయన ఉడికిపోతున్నాడు.

చిన్న బావ నేలంతా పొడిగుడ్డతో తుడిచి, ఆ హడావుడిలో మరిచిపోయి ముందే తన బండి స్విచ్చి వేసి బల్ల మీద పెట్టాడు. "అన్నయ్యా, తుడవడం మీ వంతు."

పెద్ద బావ తడిగుడ్డ పట్టుకుని వెళ్ళాడు. బండి ముందు వంగాడు. బల్లకూ బండి పొట్టకూ మధ్య సందులో సూదిమొనంత నీలం దీపం మిణుకుమిణుకుమంటోంది. ఇంకా నేర్చుకుంటోంది. అది నేర్చుకుంటున్నప్పుడు మిణుకుతుంది, నేర్చుకున్నాక నిలకడగా వెలుగుతుంది. అంత కిందికి వంగితే తప్ప అది కనబడదు. చిన్న బావ అవతల గుడ్డ పిండుకుంటున్నాడు, చూడటం లేదు.

ఎత్తి తుడవడమే. ఆచారం ప్రకారమే. ఎవరూ ఒక్క మాట అనరు. ఈ బండీ గుండ్రంగా తిరుగుతుంది, పాఠం పాతవాడికే ఉంటుంది. గుడ్డ పట్టుకున్న చెయ్యి బండి మీదికి వెళ్ళి, జానెడు పైన ఆగింది. నేనూ అక్కా ఊపిరి తీసుకోవడం మానేశాం.

"ఏమయ్యోయ్," అన్నాడు పెద్ద బావ, ఎవరినో తిడుతున్నట్టు. "ఇంకా మిణుకుతోంది. ఆపి, తుడిచాక మళ్ళీ వేసుకో."

మేడమ్ కళ్ళజోడు సవరించుకుంది. ఆ జోడూ ఆయన బిగించిందే. "ఏం మిణుకుతోంది? మిణుకుతుందని మీకెలా తెలుసండీ? దాని మొహం కూడా చూడనన్నారు కదా?"

పెద్ద బావ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు గుడ్డను మడతలు పెట్టాడు. తర్వాత తన బండి తెచ్చి, బోర్లించి, అట్ట పీకేసి, నల్లటేపు ఊడదీశాడు.

"నా దాంట్లోనూ ఉంది కనక" అన్నాడు.

దర్జీ ముందు నవ్వాడు. జిగురు నాటి బాకీ తీరేంత నవ్వాడు. "స్వామివారు రహస్యంగా దీక్ష పుచ్చుకున్నారన్నమాట!" అన్నాడు. ఆ నవ్వు గదంతా పాకింది. మా పెద్దక్క మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళి ఆయన చేతిలోంచి తడిగుడ్డ తీసుకుని, చిన్న బావ బండి చక్రాలు తనే తుడిచింది. "మరిదిగారూ, ఇప్పుడు వేసుకోండి" అంది.

చిన్న బావ స్విచ్చి వేసి చేతులు కట్టుకున్నాడు. ఆ అయిదు సెకన్లూ ఎవరూ హాస్యమాడలేదు. బండి నాలుగు మూలలూ తిరిగి గీతకు వేలెడు దూరంలో ఆగింది. నేల ఆరింది గానీ పెద్ద బావ మళ్ళీ తిప్పనన్నాడు. మలుపు పాఠం చిన్న బావదయింది.

పాఠం రోజున రానంటాడనుకున్నాం. వచ్చాడు. ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. చొక్కా ఇస్త్రీ లేదు. చిన్న బావ గైరో ముక్క చూపించి, డ్రైవింగు స్కూల్లో స్టీరింగు తిప్పేవాళ్ళ పోలికలు చెప్పి, ఇరవై నిమిషాల్లో ముగించేశాడు. నలుగురూ హాయిగా నవ్వారు. తర్వాత ఒక కొత్తాయన లేచి, "అది కూడుకుంటూ పోతుందన్నారు. కూడికలో మొదటే తప్పు పడితే?" అని అడిగాడు.

చిన్న బావ బుర్ర గోక్కున్నాడు. "పడితే బండి పిచ్చిగా తిరుగుతుందండీ. ఎందుకో మాత్రం... అన్నయ్యా, మీరొకసారి వస్తారా?"

పెద్ద బావ కిటికీలోంచి బయటికి చూశాడు.

"అన్నయ్యా, మిమ్మల్నే."

బూటు లేసు సరిచేసుకున్నాడు.

"అన్నయ్యా, బతిమాలుతున్నాను. ఇంకా నలభై నిమిషాలుంది."

అప్పుడు లేచాడు. నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, సుద్దముక్క తీసుకుని, "మూడు వారాల క్రితం ఒక పెద్దమనిషి, ఇదే గదిలో, పదిమంది ముందు..." అని మొదలుపెట్టాడు. దగ్గు నటించడం, మేడమ్ గొంతు నొప్పి, తోడల్లుడి శుభ్రత, కుక్కలా తిరిగిన బండి, అన్నీ చెప్పాడు. మధ్యలో బల్ల మీద గీతలు గీసి, కదలకుండా ఉండటమంటే ఏమిటో తప్పుగా నేర్చుకున్నవాడికి తిన్నగా నిలబడ్డవాళ్ళంతా ఎందుకు ఒరిగినట్టు కనిపిస్తారో విడమర్చాడు. జనం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. చిన్న బావ ఆఖరి బెంచీలో కూర్చుని నోట్సు రాసుకున్నాడు.

మెట్లు దిగుతున్నప్పుడు అక్క ఆయన భుజం మీది సుద్దపొడి దులిపింది. "బాగా చెప్పారండీ. మరిదిగారు కూడా ఎంత మురిసిపోయారో."

"వాడికి నాలుగుసార్లు నవ్వారు" అన్నాడు పెద్ద బావ, రెండు మెట్లు దిగి ఆగి. "నాకు ఏడు."